మందు వేరు, వార్తాహరుడు వేరు

ఊపిరితిత్తుల క్యాన్సర్ సోకినవారి ఇంట స్కాన్ రిపోర్టు ఒక తీర్పుపత్రంలా చేతులు మారుతుంది. ఎక్కడ వెలుగు కనిపించింది, ఎక్కడ కనిపించలేదు అనే రెండు మాటలతోనే ఇంటిల్లిపాదీ ఆశపడతారు, లేదా కుంగిపోతారు. రూఢిగా తెలియని దాని వెంట పడవద్దన్న దివ్య ఖుర్ఆన్ శిక్షణ ఈ రిపోర్టుకూ వర్తిస్తుందని మేము భావిస్తున్నాము.

మామూలు పెట్ స్కాన్‌లో రేడియోధార్మికత గల చక్కెర వంటి పదార్థాన్ని రక్తంలోకి ఎక్కిస్తారు. కణితి ఎంత చురుకుగా ఉన్నదో అది చెబుతుంది. దాని జన్యు స్వభావాన్ని చెప్పలేదు. కొందరి కణితుల్లో ఇ.జి.ఎఫ్.ఆర్. అనే గ్రాహకం, అంటే పెరుగుదల సంకేతాలను అందుకొనే ప్రోటీను, జన్యు మార్పు వలన వికృతమై, ఏ సంకేతమూ అందకున్నా కణాన్ని పెరగమని ఉసిగొల్పుతుంది. ఎర్లోటినిబ్, అఫాటినిబ్, ఒసిమెర్టినిబ్ మాత్రలు దానిని అడ్డుకొంటాయి. ఆ మందుకే రేడియోధార్మిక పరమాణువును చేర్చి అత్యల్ప మోతాదులో ఎక్కిస్తే, వికృత గ్రాహకం ఎక్కడున్నదో అదే చూపగలదని శాస్త్రజ్ఞులు ఆశించారు. 2013లో వెలువడిన ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుల పరిశోధనలో, 10 మంది రోగులలో జన్యు మార్పు గల 5గురి కణితుల్లో ఎర్లోటినిబ్ హెచ్చుగా చేరింది.

చిక్కల్లా మందు గుణాలతోనే. ఒసిమెర్టినిబ్ మేటి ఔషధం. పాత మందులకు లొంగని మార్పునూ అణచగలదు. కాని కొవ్వులో కరిగే గుణం, క్షార స్వభావం రెండూ ఉండటం వలన అది ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తుల కణాలలోని లైసోజోములనే సంచుల్లోనూ చిక్కుకుపోతుంది. చుట్టూ అంతా వెలుగుతుంటే నడుమనున్న కణితిని పోల్చుకొనేదెలా? చికిత్సలో ఘనమైనది చిత్రీకరణలో తడబడుతుంది. ఎర్లోటినిబ్‌ది మరో తీరు. మెదడు రక్తనాళాల గోడల్లో పంపుల్లా పనిచేసే ప్రోటీన్లు దానిని వెనక్కి నెట్టివేస్తాయి. అందువలన ఆ చిత్రంలో మెదడు ఖాళీగా కనిపించినంత మాత్రాన అక్కడ వ్యాధి లేదని కాదు.

సమయమూ ముఖ్యమే. ఈ రెండింటికీ చేర్చే కార్బన్-11 ప్రతి 20 నిమిషాలకూ సగమైపోతుంది. అఫాటినిబ్‌కు చేర్చే ఫ్లోరిన్-18కి సుమారు 110 నిమిషాలు పడుతుంది. ఈలోగా కాలేయం మందును ముక్కలు చేస్తే, కెమెరా ఆ ముక్కలకూ అసలు మందుకూ తేడా గుర్తించలేదు. పైగా రోగి అదే మందును మాత్రలుగా వాడుతుంటే గ్రాహకాలు ముందే నిండిపోయి కణితి మసకగా కనిపించవచ్చు. అలాగని మాత్రలను సొంతంగా ఆపివేయడం ప్రమాదకరం. ఆ నిర్ణయం వైద్యునిదే.

ఈ చిత్రీకరణ ఇంకా పరిశోధనశాలల పరిధిలోనే ఉన్నది. నేడు జన్యు మార్పును తేల్చేది కణితి ముక్క పరీక్ష, లేదా రక్త పరీక్ష. మీ ఇంట స్కాన్ రిపోర్టు ఉంటే, ఏ పదార్థంతో తీశారో, అది సహజంగా ఏ అవయవాల్లో చేరుతుందో, జన్యు పరీక్ష జరిగిందో లేదో వైద్యుని అడగండి.