ఇటుకకు ఇజ్జత్... హమాలీకి మొండిచెయ్యి!

ఎర్రిటుక గోడలు. పోత ఇనుము స్తంభాలు. రెండు మనిషెత్తుల కప్పు. పెద్ద పెద్ద అద్దాల కిటికీలు. కింద నీళ్లు, నీళ్లల్ల తెల్లటి పడవలు. లండన్‌ల థేమ్స్ ఒడ్డున పాత గోదాములను లగ్జరీ లాఫ్ట్‌లుగ మార్చి అమ్మేటోళ్లు చూపెట్టే బొమ్మ ఇది. వాళ్లు అమ్మేది ఉత్త ఇల్లు కాదట, చరిత్రనట! సరే, చరిత్రనే అమ్ముతున్నరు గదా, మేమొక్క మాట అడుగుతున్నం. ఎవరి చరిత్ర అది? ఆ గోడల నడుమ మూటలు మోసి నడుములిరగ్గొట్టుకున్న హమాలీ ఏడి?

టవర్ ఆఫ్ లండన్ కోట పక్కనే, టవర్ బ్రిడ్జికి కూతవేటు దూరంల సెయింట్ క్యాథరిన్ డాక్స్ ఉన్నది. దాని నడుమ గడియారం గోపురంతోని నిలబడ్డ గోదాం పేరు ఐవరీ హౌస్. ఐవరీ అంటె ఏనుగు దంతం. 1858-60 నడుమ కట్టిండ్రు. వ్యాపారం జోరు మీదున్న రోజుల్ల ఏడాదికి దాదాపు 200 టన్నుల దంతం దీని గడప దాటింది. ఎన్ని ఏనుగుల చావో మీరే లెక్క గట్టుండ్రి! ఇయ్యాల కింద దుకాణాలు, పైన ఖరీదైన ఫ్లాట్లు. పేరు మాత్రం మార్చలే. దంతం పేరు గూడ ఇప్పుడు హోదానే!

మూడుసార్ల గెంటివేత

మొదటి గెంటివేత 1827ల. డాకు కట్టాలంటె జాగ కావాలె. ఆ జాగల అప్పటికే పేదల బస్తీ ఉండె. దాదాపు 1,250 ఇండ్లు, 11,300 మంది మనుషులు. 12వ శతాబ్దంల పుట్టిన ధర్మసంస్థ, దాని చర్చి గూడ అక్కడనే ఉండె. అన్నీ నేలమట్టం చేసిండ్రు. పరిహారం ఎవరికి దక్కింది? ఆస్తి ఉన్నోళ్లకు. కిరాయికున్నోళ్లకు పైసా ముట్టలే. మరుసటేడు, 1828 అక్టోబర్‌ల, డాకు తెరిచిండ్రు. కట్టిన ఇంజనీరు థామస్ టెల్‌ఫోర్డ్ పేరు చరిత్రకెక్కింది. ఇల్లు పోయినోళ్లల్ల ఎంతమంది పేర్లు ఎక్కినయి?

రెండో గెంటివేత ఒక్కనాటిది కాదు, దినాం జరిగేది. మన లేబర్ అడ్డా మీకెరుకే గదా! అచ్చం అట్లనే పొద్దుగాల డాకు గేటు కాడ కూలీలు గుంపుగట్టేటోళ్లు. మేస్త్రీ వేలు చూపినోనికి పని, మిగిలినోళ్లు ఉపాసం. గంటకు 5 పెన్నీల కూలీ. కొన్నిసార్లు గంటో రెండు గంటలో పని చేయించుకొని పొమ్మనేటోళ్లు. 1889 ఆగస్టుల ఈ కూలీలే తిరగబడ్డరు. బెన్ టిల్లెట్, టామ్ మన్, జాన్ బర్న్స్ ముందు నడిచిండ్రు. అడిగింది ఏమిటిది? గంటకు 6 పెన్నీలు, పిలిస్తె కనీసం నాలుగు గంటల పని. లక్షకు పైగా కార్మికులు ఐదు వారాలు లండన్ రేవును బంద్ పెట్టిండ్రు. సముద్రాల అవుతల ఆస్ట్రేలియా కార్మికులు 30 వేల పౌండ్ల దాక చందాలు పంపిండ్రు. ఆఖరికి గెలిచిండ్రు. ఒక్క పెన్నీ కోసం ఇంత కొట్లాట జరిగిన ఒడ్డున ఇయ్యాల ఫ్లాట్ల ధరలు లక్షల పౌండ్లల్ల ఉన్నయి.

మూడోది మన తండ్రుల కాలంలనే. ఓడలు పెద్దగైనయి, కంటైనర్లొచ్చినయి, సరుకు నది దిగువన టిల్బరీకి మళ్లింది. 1968ల సెయింట్ క్యాథరిన్ మూతబడ్డది. 1981 వచ్చేసరికి రాయల్ డాక్స్ గూడ బందైనయి. కార్మికులు కొలువులడిగిండ్రు, తక్కువ కిరాయి ఇండ్లడిగిండ్రు. థాచర్ సర్కారు ఏమిచ్చింది? 1981ల లండన్ డాక్‌లాండ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌ను నెత్తిన కూసోబెట్టింది. జనం ఓట్లేసి గెలిపించుకున్న కౌన్సిళ్ల చేతులకెల్లి ప్లానింగ్ అధికారాలు గుంజుకున్నది. నేల వాళ్లది, నిర్ణయం పైవాళ్లది! 1998 దాక నడిచిన ఆ కార్పొరేషన్ నీడల ఒడ్డు పొడుగుతా గోదాములు ఫ్లాట్లయినయి.

మన వాటా మాటేంది?

లండన్ ముచ్చట మనకెందుకు అంటరా? ఆ గోదాముల కడుపు నింపిన సరుకుల్ల మన దేశపు సరుకు లేదా? సెయింట్ క్యాథరిన్‌ల దిగిన వాటిల్ల తేయాకు, నీలిమందు ఉన్నయి. అంతకంటె ముందు, 1611ల ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం రేవుకొచ్చింది. ఆ తీరపు అద్దకం బట్టలు లండన్‌కు పోయినయి. లండన్‌ల కట్లర్ స్ట్రీట్ కాడ కంపెనీకి పెద్ద పెద్ద గోదాములుండె. కొన్నిటిని కూలగొట్టిండ్రు, మిగిలినవి ఇయ్యాల డెవన్‌షైర్ స్క్వేర్ పేరుతోని ఆఫీసులు. ఆ బట్ట నేసిన సాలెల పేర్లు ఏ గోడ మీద చెక్కిండ్రు?

కొందరు పెద్దమనుషులంటరు, "ఫ్లాట్లు చెయ్యకపోతె గోదాములు కూలిపోతుండె గదా, కాపాడినందుకు మెచ్చుకోవాలె" అని. గోడలు కాపాడొద్దని మేమంటలేం. కూలగొట్టుమని అంతకన్న అంటలేం. పాత కట్టడం నిలవాల్సిందే. కానీ నిలబెట్టుడానికి దాన్ని కోటీశ్వరుల పాలు చేసుడొక్కటే తొవ్వ అంటె మాత్రం పచ్చి అబద్ధం.

సాక్ష్యం అదే థేమ్స్ ఒడ్డున, దక్షిణం దిక్కున ఉన్నది. పేరు ఆక్సో టవర్ వార్ఫ్. 1920లల్ల ఆక్సో మాంసం సారం కంపెనీ వాడుకున్న కోల్డ్ స్టోరేజీ గోదాం. అడ్వర్టైజ్‌మెంట్‌కు పర్మిషన్ రాదని టవర్ కిటికీలనే ఆక్సో అక్షరాల లెక్క కట్టిన జాణతనం దానిది. 1970లల్ల ఆ చుట్టుపక్కల ఆఫీసు టవర్లు లేపుతమని పెట్టుబడిదార్లు దిగిండ్రు. కాయిన్ స్ట్రీట్ జనం ఊకోలే. ఏండ్ల తరబడి సభలు పెట్టిండ్రు, ఎంక్వైరీలల్ల కూసోని వాదించిండ్రు. తామే సొంతంగ ప్లాన్ గీసుకున్నరు. 1984ల గ్రేటర్ లండన్ కౌన్సిల్ 13 ఎకరాలు ఆ స్థానికులు పెట్టుకున్న సంస్థకు 10 లక్షల పౌండ్లకు అమ్మింది. 1990లల్ల ఆ గోదాంల 78 సహకార ఫ్లాట్లు తయారైనయి. నెత్తి మీద ఖరీదైన హోటల్ ఉన్న మాట నిజమే. కానీ దాని కింది అంతస్తుల్ల, నది కనబడే కిటికీల వెనక, మామూలు కిరాయిదార్లు ఉంటున్నరు. అదే నది. అసొంటి గోదామే. తేడా ఎక్కడ? అక్కడ జనం కొట్లాడిండ్రు, జాగ జనం చేతికొచ్చింది.

చదువుకు, కొలువుకు లండన్ పోయే మన పిల్లలకు మేం చెప్పేది ఇదే. టవర్ బ్రిడ్జి కాడ ఫొటో దిగుండ్రి, తప్పు లేదు. పక్కకు నాలుగడుగులేసి ఐవరీ హౌస్‌ను గూడ చూడుండ్రి. 11,300 మందికి కిరాయి ఇండ్లు పోయిన జాగ అదేనని యాది చేసుకోండ్రి. అక్కడికెల్లి నది దాటి ఆక్సో టవర్ దాక నడువుండ్రి. వారసత్వ కట్టడమని ఎవడన్న ఏ ఊళ్లె బోర్డు పెట్టినా మూడు ప్రశ్నలు అడుగుండ్రి. ఇందుల పని చేసినోళ్లెవరు? ఇక్కడికెల్లి గెంటేసినోళ్లెవరు? ఇప్పుడు తాళంచెవి ఎవరి చేతిల ఉన్నది? జవాబు చెప్పనోడు చరిత్ర పేరు చెప్పి జాగ అమ్ముకుంటున్నడని అర్థం!