నకలు పెట్టె, నిజమైన ఆట

కడంబత్తూరులో లోకల్ రైలెక్కితే పక్క సీటు కుర్రాడి ఫోనులో మారియో గెంతుతూ కనబడటం ఇప్పుడు వింతేమీ కాదు. ఈ సంచిక ఆ పాత ఆటల మీదే.

తిరువళ్లూరు, తిరుత్తణి వైపు ఇళ్లలో టీవీకి తగిలించిన గేము పెట్టెల్లో చాలావరకు నింటెండో చేసినవి కావు. 1983లో ఆ కంపెనీ జపానులో విడుదల చేసిన ఫామికామ్‌కు నకళ్లు. ఇప్పుడా పెట్టె కూడా అక్కర్లేదు. ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ దాని వేషం కడుతుంది. చెప్పినంత తేలిక కాదది. ఫామికామ్ పని మెమరీ 2 కిలోబైట్లే. కానీ ప్రాసెసర్ ఒక అడుగు వేసేలోగా బొమ్మలు గీసే చిప్ మూడు చుక్కలు గీస్తుంది. ఆ లెక్క తప్పితే కొన్ని గేముల్లో తెర చెదిరిపోతుంది.

ఇక చట్టం సంగతి. తన గేము పెట్టెకు ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్ కంపెనీతో సోనీకి వచ్చిన వివాదంలో, ఎమ్యులేటర్ తయారీకి పరికరం గుట్టు విప్పి చదవడం న్యాయమేనని 2000లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. 2024 ఏప్రిల్‌లో ఆపిల్ కూడా తన యాప్ స్టోర్‌లోకి వీటిని రానిచ్చింది. గేము ఫైలు సంగతి వేరు, దానికి హక్కుదారుంటాడు. అయినా ఎక్కడా అమ్మకానికి లేని ఆటను దాచేవాణ్ని, కొత్త గేమును దొంగిలించేవాణ్ని ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. (నకలు పెట్టెలతో పెరిగినవాళ్లం, ఉపన్యాసాలు మనకు నప్పవు కూడా.)

అటక మీద పాత కేసెట్లుంటే పారేయకండి. వాటిలోని గేమును కంప్యూటర్‌లోకి ఎలా తీయాలో లోపలి పేజీల్లో వివరించాం.