“జాగ్రత్తగా ఉంటే చాలు” అనే అబద్ధం

“ఏం కాదండీ, కాస్త జాగ్రత్తగా ఉంటే చాలు.” పనిముట్ల గురించి మనవాళ్ళిచ్చే సలహా అంతా ఈ ఒక్క ముక్కలో అయిపోతుంది. అమ్మే కొట్టువాడూ ఇదే అంటాడు, పక్కింటాయనా ఇదే అంటాడు. వారమంతా కీబోర్డు కొట్టి, ఆదివారం బాల్కనీలో బుల్లి వర్క్‌షాపు తెరిచే మా సాఫ్టువేరు జనాలు కూడా ఇదే అంటున్నారు. రోటరీ టూలుకి తగిలించే వైరు బ్రష్షు విషయంలో ఈ సలహా వట్టి పనికిమాలినదే కాదు, ప్రమాదకరం కూడా. ఎందుకో చెప్తాను.

డ్రెమెల్ లాంటి రోటరీ టూలు అంటే చేత్తో పట్టుకుని వాడే చిన్న మోటారు. దానికి సన్నటి కాడతో బుల్లి బుల్లి వైరు బ్రష్షులు దొరుకుతాయి, చక్రంలా, గిన్నెలా, కుంచెలా. తుప్పు పట్టిన కత్తిపీట, తాతలనాటి తాళంకప్ప, బిగుసుకుపోయిన బోల్టులు, ఇలాంటివాటికి భలే పనిచేస్తాయి. నేను కాదనను.

కానీ అది పనిచేసే తీరు చూడండి. తీగ వస్తువుకి తగిలిన ప్రతిసారీ వంగుతుంది, మళ్ళీ నిలబడుతుంది. పేపర్ క్లిప్పుని అటూ ఇటూ వంచితే ఏమవుతుందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 15,000 ఆర్పీఎం అంటే సెకనుకి 250 చుట్లు. అంటే ఒక్కో తీగ సెకనుకి 250 సార్లు వంగి లేస్తోందన్నమాట. అది విరిగితీరుతుంది. బ్రష్షు నాసిరకమైతే తొందరగా, మంచిదైతే నిదానంగా, అంతే తేడా. మామూలుగా వాడుతున్నప్పుడు కూడా తీగలు ఎగిరిపడతాయని, అవి పల్చటి బట్టల్లోంచీ చర్మంలోంచీ దూసుకుపోతాయని డ్రెమెల్ వాళ్ళ సూచనల పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకాన్ని మనం డబ్బాతో సహా అటకెక్కిస్తాం, అది వేరే సంగతి.

ఇప్పుడు చెప్పండి, మీరెంత “జాగ్రత్తగా” ఉంటే లోహం అలసిపోకుండా ఉంటుంది?

రెండో విషయం వేగం. డ్రెమెల్ వైరు బ్రష్షులకి గరిష్ఠం 15,000 ఆర్పీఎం. అదే కంపెనీ 4300 మోడల్ మెషీను 35,000 దాకా తిరుగుతుంది. మెషీను తిప్పగలిగేది వేరు, బ్రష్షు తట్టుకోగలిగేది వేరు. మా ఆఫీసుల్లో ఎంత లోడు తట్టుకుంటుందో తెలియని సర్వరు మీదకి ట్రాఫిక్కు వదిలినవాడిని మీటింగులో నిలబెట్టి కడుగుతారు. అదే మనిషి ఇంటికొచ్చి డయలు చివరిదాకా తిప్పేస్తాడు!

లెక్క చూడండి. 19 మిల్లీమీటర్ల చక్రం బ్రష్షు 15,000 దగ్గర తిరుగుతుంటే తీగ కొన వేగం గంటకి సుమారు 54 కిలోమీటర్లు. 35,000 దగ్గర సుమారు 125. తీగని బయటికి లాగే బలం మాత్రం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి ఐదు రెట్లు దాటిపోతుంది. ఇక తీగలు సూదుల్లా ఎగరక ఏం చేస్తాయి? డయలు మీద 1, 2, 3 అని అంకెలుంటే ఏ అంకెకి ఎన్ని ఆర్పీఎమ్మో పుస్తకంలో చూసుకోవాల్సిందే. ఊహించి తిప్పే వ్యవహారం కాదిది.

“నాకు కళ్ళజోడుందిగా” అంటారు కొందరు. చత్వారం అద్దాలకి పక్కల ఖాళీ, పైన ఖాళీ. తీగ మీ ఎదురుగానే రావాలని రూలేం లేదు. పక్కలు కూడా మూసే, ఐఎస్ 5983 గానీ ఈఎన్ 166 గానీ ముద్ర ఉన్న రక్షణ కళ్ళద్దాలు కావాలి. దాని మీద ముఖానికి షీల్డు కూడా ఉంటే ఇంకా మంచిది. షీల్డు ఒక్కటే పెట్టుకుని అద్దాలు మానేయడం మాత్రం కుదరదు, కిందనుంచి వచ్చేదానికి షీల్డు అడ్డం రాదు.

“మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు ఇలాగే చేశారు, ఏమీ కాలేదు” అంటారు ఇంకొందరు. సంతోషం. హెల్మెట్ లేకుండా ముప్ఫై ఏళ్ళు బండి నడిపినవాళ్ళు కూడా ఉన్నారు. ఇలాంటి కథలు చెప్పడానికి మిగిలేది ఏమీ కానివాళ్ళేనని గుర్తుపెట్టుకోండి.

మరేం చెయ్యాలంటారా? పెద్ద బ్రహ్మవిద్యేం కాదు:

1. కొత్త బ్రష్షు బిగించాక పని మొదలెట్టకముందు, వాడబోయే వేగంలో కనీసం ఒక నిమిషం ఊరికే తిరగనివ్వండి. వదులుగా ఉన్న తీగలు అప్పుడే రాలిపోతాయి. ఆ నిమిషం దానికి ఎదురుగా, అదే వరసలో ఎవరూ ఉండకూడదు.

2. నొక్కకండి. తుప్పు గీకేది తీగ కొన, తీగ నడుం కాదు. నొక్కితే వంగి విరుగుతుంది తప్ప పని తొందరగా అవదు.

3. వస్తువుని వైసులోనో క్లాంపుతోనో బిగించండి. అంచు దగ్గర బ్రష్షు అంచు మీదనుంచి బయటికి జారేలా పట్టుకోండి. అంచుకి ఎదురు తగిలితే మెషీను చేతిలోంచి ఎగిరిపడుతుంది.

4. లుంగీ, బనీను, ఉత్తకాళ్ళు మన జాతీయ వర్క్‌షాపు యూనిఫారం. కాస్త పక్కనపెట్టి మందపాటి చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకోండి. నేలమీద రాలిన తీగలు ఉత్తకాళ్ళలో గుచ్చుకుంటాయి, అయస్కాంతంతో ఏరండి.

5. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన వచ్చిందే 2016లో. అంతకుముందు రంగేసిన గేటుని వైరు బ్రష్షుతో గీకి ఆ పొడిని పిల్లలు పాకే ఇంట్లో చల్లకండి.

ఇంత చేసినా కంట్లో ఏదైనా పడితే నలపకండి. కొంగుతో తుడవడాలు, నోటితో ఊదడాలు, పక్కింటి పెద్దాయన చేత తీయించడాలు వద్దు. నేరుగా కంటి డాక్టరు దగ్గరికెళ్ళి “తిరిగే వైరు బ్రష్షు నుంచి వచ్చిన తీగ” అని స్పష్టంగా చెప్పండి. చిన్న ముక్క లోపలికి దిగితే పైకి ఏమీ కనిపించకపోవచ్చు. ఉక్కు ముక్క కంట్లో ఉండిపోయిన మనిషిని ఎంఆర్ఐ మెషీనులోకి పంపిస్తే ఆ అయస్కాంతానికి అది కదిలి చూపే పోవచ్చు. స్కానుకి ముందు “కంట్లో ఎప్పుడైనా లోహం పడిందా?” అని అడిగేది అందుకే.

అన్నిటికంటే నా బాధ ఒకటే. మెషీను పట్టుకున్నవాడు కనీసం తెలిసి చేస్తున్నాడు. “నాన్నా ఏం చేస్తున్నావ్” అంటూ బాల్కనీ గుమ్మంలో వచ్చి నిలబడే ఆరేళ్ళ పిల్లకి ఏం తెలుసు? మీ “జాగ్రత్త” మీ చేతుల వరకే. ఎగిరే తీగ మీ జాగ్రత్తని అడిగి ఎగరదు. తలుపు మూసి గొళ్ళెం పెట్టుకోండి, లేదా ఆ పిల్లకీ కళ్ళద్దాలు పెట్టండి.

ఇక అమ్మేవాళ్ళ సంగతి. రాణీగంజ్‌లో కొనండి, ఆన్‌లైన్లో కొనండి, పొట్లం మీద గరిష్ఠ ఆర్పీఎం లేని బ్రష్షు కొనకండి. “ఎంత వేగం తట్టుకుంటుంది?” అని అడగండి. “ఎంతైనా పర్లేదు సార్, జాగ్రత్తగా వాడుకోండి” అన్నాడా, ఆ బ్రష్షు అక్కడే పెట్టి వచ్చేయండి. అంకె చెప్పాల్సిన చోట “జాగ్రత్త” అనేవాడు తన బాధ్యతని మీ కంటిమీద పెడుతున్నాడు.