పబ్లిక్ ప్రాసిక్యూటర్ల వేతనం, ప్రైవేటు ప్రాక్టీసు (తెలంగాణ)

పబ్లిక్ ప్రాసిక్యూటర్ అనగా క్రిమినల్ కేసులలో ప్రభుత్వం తరపున వాదించే న్యాయవాది. ఎలాగైనా శిక్ష వేయించడం ఇతని పని కాదు. సాక్ష్యాన్ని నిష్పక్షపాతంగా న్యాయస్థానం ముందుంచడం ఇతని విధి. 2024 జూలై 1 వరకు ఈ నియామకాలు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 24, 25 సెక్షన్ల క్రింద జరిగేవి. ఆ తరువాత భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 18, 19 సెక్షన్లు వర్తిస్తున్నాయి.

రెండు తరగతులు

మేజిస్ట్రేటు కోర్టులలో పనిచేసే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు ప్రభుత్వోద్యోగులు. 2021లో తెలంగాణ పోలీసు నియామక మండలి ఇటువంటి 151 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. వీరికి పే స్కేలు ఉంటుంది, ప్రైవేటు ప్రాక్టీసు ఉండదు.

సెషన్స్ కోర్టులలో కొందరు ఈ సర్వీసు నుండి పదోన్నతిపై వస్తారు. మరికొందరు కనీసం ఏడేళ్ళ అనుభవం గల న్యాయవాదులు. జిల్లా మేజిస్ట్రేటు సెషన్స్ జడ్జిని సంప్రదించి తయారుచేసిన జాబితా నుండి ప్రభుత్వం వీరిని పరిమిత కాలానికి నియమిస్తుంది. వీరు పొందేది వేతనం కాదు, పారితోషికం. ప్రభుత్వానికి వ్యతిరేకంగా కాని కేసులను వీరు చేపట్టవచ్చును.

కొత్త జిల్లాలలో పరిస్థితి

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. 2022 జూన్ 2న ఇవి ప్రత్యేక న్యాయ జిల్లాలుగా మారడంతో ఒక్కొక్క జిల్లాకు పబ్లిక్ ప్రాసిక్యూటరు అవసరమయ్యాడు. చిన్న పట్టణాలలో అనుభవజ్ఞులైన న్యాయవాదుల సంఖ్య పరిమితం. ఉదాహరణకు, భూతగాదాలో ఒక పక్షానికి సివిల్ దావా నడుపుతున్న న్యాయవాది ప్రాసిక్యూటరుగా నియమితుడైతే, అదే తగాదాపై కొట్లాట కేసు వచ్చినపుడు అతడు తప్పుకోవలసి ఉంటుంది. వేరొకరు వచ్చేవరకు విచారణ ఆగుతుంది. సాక్షులు మళ్ళీ మళ్ళీ తిరగవలసి వస్తుంది.

విశ్లేషణ

ప్రైవేటు ప్రాక్టీసును పూర్తిగా నిషేధిస్తే, పారితోషికం పెంచనిదే పేరున్న న్యాయవాదులు ముందుకు రారు. అనుమతిస్తే సమయం, విధేయత రెండూ చీలుతాయి. పదవీకాలపు అనిశ్చితి మరో సమస్య. ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వం జిల్లా ప్రభుత్వ న్యాయవాదులందరినీ ఒకేసారి తొలగించగా, 1990లో శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అయితే పదవి పొడిగింపు హక్కు కాదని 2004లో జోహ్రీమల్ కేసులో తెలిపింది. ఈ నియామకాలు పారదర్శకంగా ఉండాలని 2016లో పంజాబ్ కేసులో చెప్పింది. కావున పారితోషికం, పదవీ భద్రత, ప్రాక్టీసు పరిమితి ఈ మూడింటినీ కలిపి నిర్ణయించినపుడే, ఫీజు చెల్లించి సొంత వకీలును పెట్టుకోలేని బాధితునికి మేలు జరుగుతుంది.