యూఎక్స్ డిజైనర్ భవిష్యత్తుకు టూలే పునాదా?

యూఎక్స్ డిజైనర్ల కెరీర్ గురించి శిక్షణ సంస్థల్లోనూ ఆఫీసుల్లోనూ ఒకే లెక్క వినిపిస్తుంది. మొదటి రెండు మూడేళ్లు మార్కెట్లో నడుస్తున్న టూల్ మీద పట్టు, ఆ తర్వాత సీనియర్ హోదా, పదేళ్లు నిండేలోగా మేనేజర్ కుర్చీ. ఈ లెక్క మొదటి అడుగులోనే తప్పింది. త్వరగా పాతబడేదాన్ని పెట్టుబడి అంటుంది, చేతిలోని పనికి దూరం చేసేదాన్ని ఎదుగుదల అంటుంది.

టూల్స్ ఆయుష్షు ఎంతో చూస్తే విషయం తేలిపోతుంది. ఫైర్‌వర్క్స్ అభివృద్ధిని అడోబీ 2013లో ఆపేసింది. ఫ్లాష్ ప్లేయర్ కథ 2020 డిసెంబర్ 31తో ముగిసింది. ఇప్పుడు ఎక్కువ మంది వాడే డిజైన్ టూల్ ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటామని 2022లో ప్రకటించిన అడోబీ మరుసటి ఏడాది డిసెంబర్‌లో వెనక్కి తగ్గింది. తన సొంత డిజైన్ టూల్ ఎక్స్‌డీని విడిగా అమ్మడం కూడా మానేసింది. ప్రోటోటైపులకు ఎన్నో బృందాలు నమ్ముకున్న ఇన్‌విజన్ 2024 ముగిసేసరికి మూతపడింది. వీటిలో దేన్నో నమ్ముకుని పదేళ్ల ప్రణాళిక వేసుకున్నవారి శ్రమ ఏమైనట్టు?

మనిషి కన్ను, చెయ్యి, జ్ఞాపకం మాత్రం అంత వేగంగా మారవు. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 విమానాలు నేల మీదికి దిగాక పైలట్లు ఫ్లాప్‌లకు బదులు చక్రాలను ముడిచేసేవారు. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉండటమే కారణమని మనస్తత్వవేత్త ఆల్ఫాన్స్ చపానిస్ గుర్తించాడు. మీటల ఆకారాలు వేరు చేయడమే ఆయన చూపిన పరిష్కారం. దూరాన్నీ పరిమాణాన్నీ బట్టి లక్ష్యాన్ని చేరే సమయం మారుతుందని మరో మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ 1954లో చెప్పిన సూత్రం, ఈనాడు ఫోన్ తెర మీద బొటనవేలికి అందాల్సిన బటన్‌కూ వర్తిస్తుంది. ఇలాంటి జ్ఞానానికి ఏ కంపెనీ గడువు తేదీ వేయలేదు.

టూల్ రాకపోతే మొదటి ఉద్యోగమే రాదన్న మాట నిజమే. అయితే అది గుమ్మం దాటడానికి పనికొచ్చేది. పాత టూల్ పోతే కొత్తది కొన్ని వారాల్లో చేతికొస్తుంది. వాడుకరి ఎక్కడ తడబడుతున్నాడో పసిగట్టే చూపు అలా రాదు.

మేనేజర్ పదవి విషయంలో భ్రమ ఇంకా బలమైనది. నియామకాలు, బడ్జెట్లు, అప్రైజళ్లు వేరే వృత్తి. ఇష్టమున్నవారు అందులోకి వెళ్లడం మంచిదే. కానీ వెళ్లనివారిని ఆగిపోయినవారిగా చూడటం అన్యాయం. ప్రిన్సిపల్ డిజైనర్ వంటి హోదాలు ఇచ్చి, మనుషులను నడపకుండానే పైకి రానిచ్చే సంస్థలు ఉన్నాయి. ఆ దారి లేని చోట మార్చాల్సింది సంస్థ పద్ధతిని.

దీర్ఘకాలిక ప్రణాళికలో టూల్ పేరు రాసే చోట ఒక రంగం పేరు ఉండాలి: చెల్లింపులు, వైద్యం, వికలాంగులకు అందుబాటు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, వాడుకరిని తప్పుదారి పట్టించే 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ను పేర్కొన్న 2023 నాటి కేంద్ర మార్గదర్శకాలు తెలిసిన డిజైనర్ మాటకు న్యాయ విభాగం దగ్గర కూడా విలువ ఉంటుంది. భారతీయ భాషల తెరలు మరో విశాలమైన రంగం. ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచిన వరుసల ఎడంలో తెలుగు పెడితే కింది ఒత్తులు, పై గుడులు ఒకదానికొకటి తగులుతాయి. ఇంగ్లిష్‌లో చిన్నగా ఇమిడిన బటన్ మాట తెలుగులో రెండో వరుసకు జారుతుంది. ఈ చిక్కులను వాడుకరుల పక్కన కూర్చుని ఏళ్ల తరబడి గమనించిన డిజైనర్‌కు, ఫిగ్మా స్థానంలో రేపు ఏది వచ్చినా, చేయాల్సిన పని ఉంటుంది.