అడుగున రాసున్న నంబరు

“సీరియల్ నంబరెంత సార్?”

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో ల్యాప్‌టాప్ పోయి స్టేషన్‌కెళ్తే, ఫిర్యాదు రాసుకుంటున్న రైటర్ అడిగిన మాట ఇది. కంపెనీ పేరు చెప్పాను. రంగు చెప్పాను. మూత మీద మా అబ్బాయి అంటించిన స్టిక్కరు గురించీ చెప్పాను. నంబరు మాత్రం చెప్పలేకపోయాను. బిల్లు దొరకలేదు, అట్టపెట్టె ఎప్పుడో పాత సామానులో పోయింది. అలాంటి నల్ల ల్యాప్‌టాప్‌లు ఊరినిండా ఉంటాయి. వాటిలో ఇది నాదేనని తేల్చే ఆధారం నా దగ్గరే లేదు.

మొన్న తుక్కుగూడ వెళ్లినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. శ్రీశైలం రహదారి ఔటర్ రింగ్ రోడ్డును కలిసే చోటది. పక్కనే రావిర్యాల, ఫ్యాబ్ సిటీ. కాస్త దూరంలో శంషాబాద్ విమానాశ్రయం. వెంచర్లలో ఇళ్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి, వాటికి అటూ ఇటూ ఇంకా ఖాళీ ప్లాట్లే. పిలిస్తే పలికే పొరుగు లేదు. ఒక ఇంట్లో వీధివైపు కిటికీ పక్కనే బల్ల, దాని మీద కంప్యూటర్. సంక్రాంతికి ఊరెళ్తే నాలుగు రోజులూ తాళమే కాపలా.

జాగ్రత్త మనకు తెలియనిది కాదు. ఇంట్లో బంగారం ఎన్ని తులాలుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. గొలుసు బీరువా లోపలి అరలో ఉంటుంది, తాళంచెవి ఇంకోచోట ఉంటుంది. ల్యాప్‌టాప్ మాత్రం సోఫా మీదే ఉంటుంది. గొలుసు పోతే గొలుసే పోతుంది. ల్యాప్‌టాప్‌తో పాటు ఆధార్, పాన్ కాపీలు, బ్యాంకు పాస్‌వర్డులు, ఆఫీసు ఫైళ్లు, కన్నుమూసిన నాన్న నవ్వుతూ మాట్లాడిన వీడియో కూడా పోతాయి. ఆ వీడియోను ఏ షాపులోనూ మళ్లీ కొనలేం.

కాబట్టి మొదట కాపాడాల్సింది లోపలున్నదాన్ని. లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే అంతా చదివేయొచ్చు. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆన్ చేస్తే డిస్కులో ఉన్నది దొంగ చదవలేడు. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి విడిగా దాచాలి. ఫొటోల కాపీ ఒకటి వేరే ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. ల్యాప్‌టాప్ పక్కనే పెట్టిన హార్డ్‌డిస్కును దొంగ వదిలేసి పోడు. బల్లను కిటికీ నుంచి జరపండి. ఊరెళ్తున్నట్టు స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళ్లండి.

ఇంటి దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు ఉంది. దొంగసొత్తని తెలిసీ కొన్నవాడికి 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా పడొచ్చు. కానీ కొన్నవాడికి తెలిసే దారేది? ఫోన్ల సంగతి వేరు. పోయిన ఫోన్లను ఆపేసే ప్రభుత్వ వ్యవస్థ సీఈఐఆర్ 2023 మే నుంచి దేశమంతటా పనిచేస్తోంది. పోయిన ఫోన్‌ను దాని గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరుతో బ్లాక్ చేయిస్తున్నాం, పాత ఫోన్ కొనేముందు చూసుకుంటున్నాం. మామూలు ల్యాప్‌టాప్‌కు ఐఎంఈఐ లేదు. వైఫైతో నడిచేదాన్ని ఫోన్‌లా ఆపడమూ కుదరదు. అయినా పోయిన ల్యాప్‌టాప్‌ల సీరియల్ నంబర్లతో అందరూ చూడగలిగే పట్టిక పెట్టడం కుదురుతుంది. పాతవి కొనే ప్రతి దుకాణమూ ఆ పట్టిక చూశాకే డబ్బు ఇవ్వాలనే నిబంధన తేవాలి. అమ్ముకునే చోటు మూసుకుపోతే ఎత్తుకెళ్లే చెయ్యి వెనకాడుతుంది. ప్రభుత్వం ఈ పని చేయాలి.

అది వచ్చేదాకా మన వంతు మనం చేద్దాం. ఈ రాత్రే ల్యాప్‌టాప్ తిరగేసి, అడుగున ఉన్న నంబరును రాసుకోండి. ఇప్పుడు మా బీరువాలో నగల బిల్లులున్న కవరులో ఆ నంబరు రాసిన కాగితం కూడా ఉంది.