బస్తర్ ఒలింపిక్స్: చూసేదెవరు? చూపేదెవరు?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పేరు వినగానే మందుపాతరలు, ఎదురుకాల్పులు మాత్రమే గుర్తుకు వచ్చే స్థితిని క్రీడల ద్వారా మార్చాలన్న ప్రయత్నం 2024లో మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులో జగదల్‌పూర్‌లో ముగిసిన తొలి బస్తర్ ఒలింపిక్స్‌లో ఏడు జిల్లాల నుంచి 1.65 లక్షల మంది పాల్గొన్నట్లు ప్రధాని నరేంద్ర మోదీ అదే నెల 29న తమ ఆకాశవాణి ప్రసంగంలో వెల్లడించారు. 2025 డిసెంబరులో జరిగిన రెండవ పోటీల నాటికి ఈ సంఖ్య 3.91 లక్షలకు చేరిందని ప్రభుత్వం ప్రకటించింది. విలువిద్య, కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్, హాకీలతో పాటు మహిళలకు తాడు లాగుడు పోటీ కూడా ఇందులో ఉన్నది.

ఈ సంఖ్యలతో పాటు గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. అడవి గేదె, కొండ గోరింకలను చిహ్నాలుగా, 'కర్సాయ్ తా బస్తర్, బర్సాయ్ తా బస్తర్' అనే స్థానిక భాషా నినాదాన్ని పిలుపుగా చేసుకొని సాగిన ఈ పోటీలు మైదానంతో పాటు సెల్‌ఫోన్ తెరపైనా జరిగాయి. ఫేస్‌బుక్, ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్‌ల ద్వారా ఆ దృశ్యాలు రాయ్‌పూర్‌కు, ఢిల్లీకి వెంటనే చేరాయి. కాగా, ఆ క్రీడాకారుల సొంత ఊళ్లకు అవి ఏ మేరకు చేరాయన్నదే అసలు ప్రశ్న.

క్రీడా సంఘాలు సామాజిక మాధ్యమాలను ఆశ్రయించడం వెనుక స్పష్టమైన వ్యాపార లెక్క ఉన్నది. 2022 జూన్‌లో ఐపీఎల్ 2023-27 ప్రసార హక్కులు రూ. 48,390 కోట్లకు అమ్ముడుపోగా, అందులో భారత ఉపఖండానికి సంబంధించిన ఒక డిజిటల్ విభాగమే రూ. 20,500 కోట్లు పలికింది. స్టేడియంలో కూర్చున్న అభిమాని చేతిలోని ఫోను సైతం ఆదాయ మార్గమే. అతడు పంపే ఫొటో, వేసే ఓటు, చేసే వ్యాఖ్య ప్రకటనదారులకు విలువైన సరుకుగా మారతాయి.

ఈ బంధం ఎంత బలంగా ఉంటుందో తెలుగువారికి వేరే చెప్పనవసరం లేదు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్ డేవిడ్ వార్నర్ 'బుట్టబొమ్మ' పాటకు ఇంటిల్లిపాదితో వేసిన అడుగులు ఆయనను తెలుగు ఇళ్లలో సొంత మనిషిని చేశాయి. ఆ ఏడాది ఐపీఎల్ ఎమిరేట్స్‌లో జరిగింది. హైదరాబాద్ మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. అయినప్పటికీ అభిమానం పెరిగింది. 2021 మేలో ఆయనను నాయకత్వం నుంచి తప్పించినప్పుడు అదే మాధ్యమాల్లో అభిమానులు యాజమాన్యాన్ని నిలదీశారు. ఒకవైపు నుంచే మాట సాగినంత కాలం అది ప్రచారం మాత్రమే. అభిమాని తిరిగి అడగగలిగినప్పుడే బంధమవుతుంది.

సంకేతం అందని ఊళ్లు

బస్తర్‌లో లోపించినది సరిగ్గా ఈ రెండవ వైపే. భద్రాచలం నుంచి కుంట మీదుగా సుక్మాకు సాగే రహదారి వెంట ఫోను పనిచేయవచ్చు. రోడ్డు దిగి అడవిలోకి నడిచిన కొద్దీ సంకేతం తగ్గిపోతుంది. గుట్టెక్కితే గానీ మాట వినిపించని ఊళ్లు బస్తర్‌లో సర్వసాధారణం. సెల్ టవర్లను మావోయిస్టులు తగులబెట్టిన సంఘటనలు అనేకం. నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చేందుకు రూ. 2,426 కోట్ల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది 2022 ఏప్రిల్‌లో మాత్రమే. హైదరాబాద్ వాసులు 5జీ కోసం ఎదురు చూస్తున్న కాలమది.

భాష మరో అడ్డంకి. గోండి, హల్బీ, దోర్లీ మాట్లాడే జనం మధ్య జరిగే పోటీలకు ప్రధానంగా హిందీలో వ్యాఖ్యానం రాస్తే, నినాదం ఒక్కటి స్థానిక భాషలో ఉన్నంత మాత్రాన ఊరి అభిమాని ఆ సంభాషణలో భాగస్వామి కాలేడు. బీజాపూర్ జిల్లా భోపాలపట్నం పరిసరాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు గణనీయంగా ఉన్నాయన్న సంగతీ ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

అయితే, సామాజిక మాధ్యమాల వల్ల బస్తర్‌కు మేలే జరగలేదనడం సరికాదు. 2020 జనవరి 1న సచిన్ తెందూల్కర్ ఒక వీడియోను దేశానికి చూపించారు. కాళ్లు పనిచేయని దంతెవాడ జిల్లా బాలుడొకడు చేతులపై పాకుతూ పరుగులు తీస్తున్న దృశ్యమది. కొద్ది రోజుల్లోనే ఆ బాలునికి సచిన్ నుంచి క్రికెట్ సామగ్రి అందింది. అబూజ్‌మడ్ అడవి పిల్లల మల్లఖంబ్ బృందం 2023లో జాతీయ టెలివిజన్ ప్రతిభా పోటీలో విజేతగా నిలిచి నారాయణపూర్ పేరును ఇంటింటికీ చేర్చింది. ఈ రెండింటిలో మొదటిది దయ. రెండవది ఏళ్ల తరబడి సాగిన శిక్షణ ఫలితం. తెరపై రెండూ ఒకే విధంగా కనిపించడమే చిక్కు.

ముఖం చూపడంలో ప్రమాదం

అన్నింటికన్నా తీవ్రమైన అంశం 'నువా బాట్' జట్టుది. కొత్త బాట అని అర్థం. తెలుగువారికి అనువాదం అక్కరలేని పేరు. లొంగిపోయిన నక్సలైట్లు, హింసలో అవయవాలు కోల్పోయినవారు ఈ జట్టు తరఫున ఆడారు. 2025లో లొంగిపోయినవారే 700 మందికి పైగా పాల్గొన్నట్లు కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రకటించారు. నిన్నటి వరకు తుపాకి పట్టిన చేతులు తాడు లాగుతున్న దృశ్యం ఎవరినైనా కదిలిస్తుంది. అందుకే అది విస్తృతంగా ప్రచారమైంది.

కానీ ఆ ముఖాల వెనుక కుటుంబాలున్నాయి. లొంగిపోయినవారిని, ఇన్ఫార్మర్లన్న ముద్ర వేసినవారిని మావోయిస్టులు హతమార్చిన ఉదంతాలు బస్తర్‌లో కొత్తవి కావు. సాయుధ పోరును 2026 మార్చి 31 నాటికి అంతమొందిస్తామని కేంద్రం గడువు ప్రకటించినా, పాత కక్షలు గడువు చూసుకొని చల్లారవు. మైదానంలో వందల మంది చూసి మరచిపోయే ముఖం ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. పతకం అందుకుంటున్న ఆనందంలో ఫొటోకు తల ఊపిన వ్యక్తి ఈ పర్యవసానాన్ని గ్రహించి ఊపాడా అన్నది అధికారులు వేసుకోవలసిన ప్రశ్న.

పోటీల్లో 14-17 ఏళ్ల జూనియర్ల విభాగమూ ఉన్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి సమాచారాన్ని వాడుకునేందుకు తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన సమ్మతి పొందాలి. ప్రభుత్వ సంస్థలకు చట్టంలో కొన్ని మినహాయింపులున్న మాట నిజమే. అయినా, అడవిలోని తండ్రికి ఇన్‌స్టాగ్రామ్ అంటే ఏమిటో వివరించి అనుమతి తీసుకోవడానికి చట్టం నెట్టవలసిన అవసరం ఉండరాదు.

బస్తర్‌ను బస్తర్ వారే ఫోనుతో చిత్రించి చూపడం సైతం నిరపాయకరం కాదు. 'బస్తర్ జంక్షన్' యూట్యూబ్ చానల్ నడిపిన బీజాపూర్ విలేకరి ముకేశ్ చంద్రాకర్ మృతదేహం, తొలి ఒలింపిక్స్ ముగిసిన మూడు వారాలలోపే, 2025 జనవరి 3న ఒక సెప్టిక్ ట్యాంకులో లభించింది. రోడ్డు పనుల అక్రమాలపై ఆయన వార్త అందించారు. స్థానికుల కెమెరాలు వెనక్కి తగ్గితే మిగిలేది ప్రభుత్వ పేజీల చిత్రణ మాత్రమే. అందులో ఎగిరే జెండాలుంటాయి. శిక్షకుడు లేని మైదానం ఉండదు.

చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వ్యాఖ్యానం గోండి, హల్బీ, దోర్లీలలో వినిపించవచ్చు. సంకేతం లేని ఊళ్లకు వారపు సంత రోజున తెర కట్టి తమ పిల్లల ఆటను చూపవచ్చు. లొంగిపోయినవారి ముఖాలను మరుగుపరచి ఆటను మాత్రమే ప్రదర్శించవచ్చు. వ్యాఖ్యల పెట్టెలో ఊరివారు అడిగే బూట్లు, బస్సు, శిక్షకుడు వంటి అవసరాలకు జిల్లా క్రీడాధికారి పేరుతో జవాబు ఇవ్వవచ్చు. ఏటా కొత్త విజేతల ఫొటోలు పెట్టే పేజీలోనే, గత ఏడాది విజేతల్లో ఎవరు ఏ శిక్షణ కేంద్రంలో ఉన్నారో, ఎవరు తిరిగి తునికాకు కోతకు వెళ్లారో, పేర్లు, ముఖాలు బయటపెట్టకుండానే జిల్లాల వారీ అంకెలతో ప్రకటించవచ్చు.